దాక్కున్న బి గ్రూపు

వరహాలమ్మ మనవరాలి సంచిలో రెండు గౌన్లు, జంతికల డబ్బా సర్దుతోంది. ఐదేళ్లు నిండిన ప్రతి పిల్లకీ వీధి చివరి యంత్రం రక్తం చూస్తుంది. మేఖలది బి గ్రూపు, తల్లీ తండ్రీ ఇద్దరిదీ ఓ. ఓ, ఓ కలిస్తే బి పుట్టదు కనుక పిల్ల వేరేవాళ్లదని యంత్రం తేల్చి, కన్నవాళ్లు దొరికేదాకా పిల్లల సంరక్షణ కేంద్రంలో ఉంచమంది.

“పుడుతుందమ్మా, నేను చదివాను,” అంది వరహాలమ్మ, పిల్లను తీసుకెళ్లడానికొచ్చిన అమ్మాయితో. “కొందరిలో బి లోపల దాక్కుని, పైకి ఓలా కనిపిస్తుంది. మా కోడలికి ఇంకో పరీక్ష చేయించండి.”

“యంత్రంలో ఆ గడి లేదు మామ్మగారూ.”

“లేకపోతే గీయండి! ఇది నా చేతుల్లో పుట్టిన పిల్ల.”

“మామ్మలందరూ అదే అంటారండీ.”

“పోనీ, మంగళవారం పూట ఆడపిల్లని గడప దాటించం. రేపు రా తల్లీ.”

ఆ అమ్మాయి నవ్వి సంచి అందుకుంది. మేఖల డబ్బా తీయించి, మామ్మ చేతిలో రెండు జంతికలు పెట్టి వెళ్లింది.

కోడలు సొంతంగా చేయించుకున్న పరీక్షలో బి దాక్కున్న మాట నిజమేనని నాలుగు నెలలకి తేలింది. అప్పటికే పిల్లను ఎవరికో ఇచ్చేశారు. వెనక్కి తెచ్చే గడి కూడా యంత్రంలో లేదట.

మేఖల 2071 జూన్ 9న వెళ్లింది. తిరిగి రాలేదు.