వీర్రాజు అభిప్రాయం

యూరప్ సైన్సు పత్రికలన్నీ తలుపులు బార్లా తీసి అప్పటికి పదేళ్లయింది. ఏ పరిశోధన వ్యాసమైనా ఎవరైనా పైసా కట్టకుండా, చక్కటి తెలుగులో చదవొచ్చు. షరతు ఒక్కటే. ఒకటి చదవాలంటే ముందు అచ్చుకాని మరో వ్యాసం చదివి, అది అచ్చెయ్యొచ్చో లేదో అభిప్రాయం చెప్పాలి.

చెరువు గట్టు మీద ఫోను పట్టుకుని కూర్చున్న సామ్రాజ్యానికి నార్వే నాచు మీద వ్యాసం వచ్చింది. ఎదురుగా తెల్లమచ్చలతో రొయ్యలు చచ్చి తేలుతున్నాయి. ఆ జబ్బుకు మందు చెప్పే వ్యాసం పేరు కనిపిస్తోంది గానీ తెరుచుకోదు.

“బాగుందని రాసి పారెయ్యవే,” అన్నాడు రొయ్యల్ని ఏరుతున్న భర్త వీర్రాజు.

“రాశానండీ. ఏం బాగుందో చెప్పమని మూడుసార్లు తిప్పికొట్టింది. ఈ నాచు తగలెయ్య!”

“అయితే బాగోలేదని రాయి. దానికేం అడగదు. నేనెప్పుడూ అంతే.”

“ఎవరి కష్టమో ఏమో! చదవకుండా ఎలా రాస్తానండీ?”

తిట్టుకుంటూనే నలభై పేజీలూ చదివింది. పదిహేడో పేజీలో లెక్క తప్పిందని పట్టుకుంది కూడా. ఈలోగా మధ్యాహ్నమైంది, ఇంకో గంపెడు రొయ్యలు పోయాయి.

చివరికి మందు వ్యాసం తెరుచుకుంది. లోపల మూడే ముక్కలున్నాయి.

“ఈ వ్యాసం పోయిన నెల అచ్చు కాకుండా ఆగిపోయింది. ఆపిన పాఠకుడు: వీర్రాజు, రొయ్యల రైతు. అభిప్రాయం: బాగోలేదు.”

సామ్రాజ్యం తలెత్తింది.

“ఏమే, మందు దొరికిందా?” అన్నాడు వీర్రాజు, గంప నెత్తికెత్తుకుంటూ.