సర్వర్ అడిగిన పేరు

“వైరు బాగానే ఉందన్నా. లోపం పైన ఉండాది,” అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే జీవన్ కుమార్, కౌంటర్ కిందినుంచి తల బయటపెట్టి.

ఉమేష్‌కు ఒళ్లు మండింది. పొద్దుటి నుంచీ ఇదే వరస. దుకాణంలోని కంప్యూటర్ తెర మీద ‘సర్వర్‌తో కనెక్షన్ లేదు’ అన్న ఎర్ర అక్షరాలు కదలనంటున్నాయి. తొలకరి బాగా పడింది. గిద్దలూరు చుట్టుపక్కల రైతులు కంది విత్తనాల కోసం దుకాణాల మీద పడ్డారు. బిల్లు లేకుండా ఒక్క సంచి కూడా బయటికి పంపడానికి లేదు. బిల్లు రావాలంటే సరుకు వివరాలన్నీ ఉన్న సర్వర్ పలకాలి. అదేమో మేడ మీద, నాయన గదిలో ఉంది.

నాయన నాగేశ్వర్లు పోయి నెల కూడా కాలేదు. ఆయన చివరిరోజు పొద్దున తెరిచిన ఆ పెట్టెను అప్పటి నుంచీ ఎవరూ ఆపలేదు, ముట్టుకోలేదు, అది నడుస్తూనే ఉంది. రాత్రి గాలివానకు కరెంటు పోయి అది ఆగిపోయింది, రౌటర్ కాలిపోయింది. పొద్దున్నే కొత్త రౌటర్ పెట్టారు. ఎదురు దుకాణంలో అమ్మకాలు జోరుగా సాగుతున్నాయి. పెద్దాయనతోపాటే దుకాణమూ పోయిందని ఊరు అనడానికి ఈ ఒక్క రోజు చాలు. ఉమేష్ భయమంతా అదే.

“ఎంతసేపు అయితాది ఉమేషూ?” అన్నాడు విత్తనాల కోసం వచ్చి బల్ల మీద కూర్చున్న గురవయ్య.

“అయితాది మామా. కాసేపు కూర్చో.”

“కూర్చుంటాలే. నాయన మాట నిలబెట్టిన కొడుకువి. ఆ పొద్దు నువ్వు గేటు కాడ అడ్డం నిలబడకపోయింటే మీ నాయన ఆత్మ ఎంత గోస పడిండునో.”

ఉమేష్ ఛాతీ కాస్త పొంగింది. చెల్లెలు తనకు నచ్చినవాణ్ణి చేసుకుని దొనకొండ వెళ్లిపోయిన రోజు నుంచి నాయన ఇంట్లో ఆమె ఊసెత్తనివ్వలేదు. శవం వాకిట్లో ఉండగా ఆమె పరుగెత్తుకుంటూ వస్తే ఉమేష్ గేటు వేసేశాడు. ఆమె రోడ్డు మీదే నిలబడి ఏడ్చి వెళ్లిపోయింది. ఊరు మెచ్చుకుంది. మెచ్చుకోవడానికి ఊరికి ఖర్చేముంది?

మేడ మీద జీవన్ కుమార్ సర్వర్ ముందు కూర్చుని కాసేపు కుస్తీ పట్టాడు.

“దొరికిందన్నా. కొత్త రౌటర్ దీనికి కొత్త నంబరు ఇచ్చింది. కింద కంప్యూటర్ ఇంకా పాత నంబరుకే పోతాంది. ఇల్లు మారినోళ్లను పాత ఇంటికాడ పిలిచినట్ల.”

“మరి మార్చెయ్యి.”

“మార్చినా. రెండూ కలిసినాయి,” అన్నాడు. అంతలోనే అతని మొహం ముడుచుకుంది. తెర మీద చిన్న డబ్బా తెరుచుకుని పాస్‌వర్డ్ అడుగుతోంది. “సర్వర్ ఆగి లేసింది గదా, పాస్‌వర్డ్ కొడితేగానీ లోపలికి పోనీదు. పెద్దాయన ఏం పెట్టుకున్నాడో తెలుసా అన్నా?”

“ఆయన దీని మీద ఎవరి చెయ్యీ పడనీలే. రోజూ రాత్రి ఆయనే ఆపి, పొద్దున ఆయనే తెరిచి కిందికి వచ్చేటోడు. తీసెయ్యలేవా?”

“సాఫ్ట్‌వేర్ ఇచ్చినోళ్లు నంద్యాల నుంచి రావాల. ఈ వారంలో వస్తారో రారో. మామూలుగా పేర్లే పెట్టుకుంటారులే. పిల్లల పేర్లు చెప్పు.”

“నేనొక్కన్నే,” అన్నాడు ఉమేష్.

కాఫీ తెస్తున్న తల్లి రామతులసమ్మ గడప దగ్గరే ఆగింది.

జీవన్ కుమార్ ‘ఉమేష్’ అని కొట్టాడు. తప్పంది. ఉమేష్‌కు మనసు చివుక్కుమంది. ఇంత చేసిన కొడుకు పేరు కాదా? దుకాణం పేరు కొట్టి చూశారు. అదీ కాదంది.

“ఇట్లనే తప్పులు కొడతా పోతే లాకయిపోతాది,” అన్నాడు జీవన్ కుమార్.

“నాకు తెలుసు,” అంది రామతులసమ్మ మెల్లగా. “మీ నాయన ఒక్కొక్క అక్షరం ఎతుక్కుంటా కొడతాడు. కొట్టేటప్పుడు నోట్లో గొణుక్కుంటాడు. కాఫీ తెచ్చినప్పుడల్లా వింటానే ఉన్నా.”

“ఏందమ్మా అది?”

“పేరు.”

“అదే, ఏం పేరు?”

“ఆ పేరు నేను పలకకూడదు గదా,” అని ఆమె తల దించుకుంది.

జీవన్ కుమార్ నవ్వాడు. “మా అవ్వ కూడా ఇంతే పెద్దమ్మా. రేషన్ కాడ అడిగినా మా తాత పేరు చెప్పదు.”

ఉమేష్‌కూ నవ్వొచ్చింది. నాయనకు తన పేరంటే అంత ముద్దన్నమాట. ‘నాగేశ్వర్లు’ అని కొట్టించాడు. తప్పంది. ‘నాగేశ్వరరావు’ కొట్టించాడు. తప్పంది. కింద నుంచి గురవయ్య గొంతు వినిపించింది.

“ఉమేషూ, నేను ఎదురు దుకాణానికి పోతాండాయ్యా. మళ్లా వాన ముసురుకుంటాంది.”

ఉమేష్‌కు ఓపిక చచ్చింది. “ఇంకొక్కసారి తప్పితే లాకు పడతాదంట. ఆయనే లేకపోయినాక నిన్నెవరు తిడతారమ్మా? చెప్పు.”

“ఇన్నేళ్లు అననిది ఇప్పుడెట్ల అంటా అబ్బయా?”

“పోనీ నాయన తన పేరు ఎట్ల రాసేటోడో అదన్నా చెప్పు.”

“మీ నాయన పేరని నేనెప్పుడన్నా?”

జీవన్ కుమార్ వేళ్లు ఆగిపోయాయి. ఉమేష్ తల్లి వైపు తిరిగాడు.

“మరి ఎవరిదమ్మా?”

రామతులసమ్మ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. కిటికీలోంచి, కింద వేసి ఉన్న గేటు వైపు చూసింది.

“నీ చెల్లెలిది.”