లేని పన్ను నొప్పి

"మెట్లెక్కుతుంటేనే వచ్చిందా నాయనా, నొప్పి?"

గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ అడిగింది.

డ్రిల్లు మాస్టారికి ఒళ్ళు మండింది. దవడ పట్టుకుని, చెమటలు కక్కుతూ పళ్ళ డాక్టరు గారి మేడ మీదికి వచ్చిన మనిషిని, మంచినీళ్ళు కావాలా అని అడగాలి గానీ ఈ ఆరాలేమిటి?

"పన్ను నొప్పికి మెట్లేం తెలుసమ్మా? ఎప్పుడు పడితే అప్పుడొస్తుంది," అన్నాడు.

అది నిజం కాదు. గ్రౌండులో పిల్లలతో పరిగెత్తినప్పుడు వస్తుంది. బడి మేడ ఎక్కినప్పుడు వస్తుంది. ఎదురుగాలికి సైకిలు తొక్కితే తప్పకుండా వస్తుంది. పళ్ళ మధ్య ఈల బిగించి పరిగెత్తడం వల్లేనని మాస్టారు తనకు తానే తేల్చేసుకున్నాడు. ఒక పన్ను ఇప్పటికే పీకించుకున్నాడు. నొప్పి మాత్రం చుట్టపు చూపుకి వెళ్ళినట్టు వెళ్ళి తిరిగొచ్చింది. ఇవాళ పక్క పన్ను వంతు.

"కాసేపు కూర్చుంటే తగ్గిపోతుందా?"

పెద్దావిడ వదిలేలా లేదు.

అసలు మంట అక్కడే ఉంది. డాక్టరు ముందు నోరు తెరిచేసరికి నొప్పి మాయం. ఆయన ఇనుప పుల్లతో ఒక్కో పన్నూ తట్టి "ఇదా? ఇదా?" అంటుంటే, ఏదీ కాదంటే పరువు పోతుందని పోయినసారి ఏదో ఒక పన్ను చూపించేశాడు.

"అదిగో, ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడ కూర్చోవచ్చు కదమ్మా. ఇలా గుమ్మం దగ్గర కాపలా కాయడం దేనికి?"

"నాకిక్కడే బావుంది నాయనా."

"మాస్టారూ, మీరు లోపలికి రండి," కౌంటరు దగ్గరి అమ్మాయి పిలిచింది.

ఆయన లేచాడు. పెద్దావిడా లేచింది. దారికి అడ్డంగా నిలబడింది.

"ఆ పన్ను పీకించుకోకు. ముందు గుండె డాక్టరుకి చూపించుకో."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. "పన్ను నొప్పికి గుండె డాక్టరా? పిల్లలంతా ఆయాసపడి కూలబడ్డాక కూడా పరిగెత్తే గుండె ఇది."

"ఒక్క మాట విను. మా ఆయన..."

"మీ ఆయన సంగతి నాకెందుకమ్మా?" ఆయన కౌంటరు వైపు తిరిగాడు. "ఏమ్మా, వచ్చినవాళ్ళని బెదరగొట్టడానికి మనిషిని పెట్టుకున్నారా మీరు? ఈవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

గొడవ విని డాక్టరు బయటికొచ్చాడు.

"మీకెన్నిసార్లు చెప్పానమ్మా? దయచేసి ఇక రాకండి," అన్నాడు పెద్దావిడతో.

ఆవిడ చేతిసంచి చంకన పెట్టుకుని, కమ్మీ పట్టుకుని దిగిపోయింది. దిగుతూ కూడా వెనక్కి తిరిగి ఆయన దవడ వైపే చూసింది. పీడా పోయిందనుకున్నాడు మాస్టారు.

"ఎక్స్‌రేలో ఏమీ కనబడ్డం లేదండీ," లోపల డాక్టరు నసిగాడు.

"ఎక్స్‌రేకి నా నొప్పేం తెలుసు? పీకండి."

పీకేశాడు.

"ఇలా ఒక్కొక్కటీ పీకించుకుంటూ పోతే, రేపు ఈల చిగుళ్ళతో ఊదుతారా?" ఇంట్లో భార్య దులిపేసింది.

"ఇదే ఆఖరు. ఇక రాదు," అన్నాడు.

వచ్చింది. గాయం మానిన మర్నాడే, గ్రౌండు చుట్టూ పిల్లల ముందు పరిగెడుతుంటే, మళ్ళీ అదే చోట. నాలుకతో తడిమి చూసుకున్నాడు. అక్కడ గుంటే ఉంది. లేని పన్ను నొప్పెడుతోంది.

కోపం రాలేదు. మొదటిసారి భయం వేసింది. నోట్లోంచి ఈల జారిపోయింది. మాస్టారు నేల మీద చతికిలబడితే పిల్లలు కొత్త ఆటనుకుని తామూ కూర్చున్నారు.

"గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి," అన్నాడు, పరిగెత్తుకొచ్చిన లెక్కల మాస్టారితో. ఆ మాట పెద్దావిడదని ఆ క్షణంలోనే తట్టింది.

"కొందరికి గుండె నొప్పి ఛాతీలో కాదు, దవడలో తెలుస్తుంది," అన్నాడు గుండె డాక్టరు. "మీరు ఇంకో పన్ను పీకించుకునేదాకా ఆగుంటే, నాతో మీకు పనుండేది కాదు."

ప్రాణం దక్కింది. కాస్త కోలుకోగానే మాస్టారు ఆగి ఆగి ఆ మెట్లే ఎక్కాడు. పళ్ళ డాక్టర్ని కడిగేయాలి. ఆ తర్వాత పెద్దావిడ చేతులు పట్టుకోవాలి.

డాక్టరు ఇంకా రాలేదు. గుమ్మం పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"మీ డాక్టరుకి బుద్ధుందా?" కోపమంతా కౌంటరు దగ్గరి అమ్మాయి మీద పడింది. "చదువుకున్నాడు కదా, ఒక్కసారైనా మెట్ల సంగతి అడిగాడా? దారినపోయే మనిషికి తెలిసింది ఆయనకి తెలీలేదా? ఆ తల్లిని నలుగురిలో పొమ్మన్నాడు."

"పొమ్మనిపించింది మీరే కదండీ," అంది అమ్మాయి మెల్లగా.

మాస్టారు గొంతు తగ్గించి అడిగాడు.

"ఆవిడ పంటికి వైద్యమైపోయిందా? ఇక రాదా?"

"ఆవిడకి పన్ను నొప్పేమీ లేదు మాస్టారూ. ఆవాళ్టి నుంచి రాలేదు. ఇల్లెక్కడో కూడా మాకెవరికీ తెలీదు."

"మరి రోజూ ఇక్కడ పనేమిటి?"

అమ్మాయి ఆ ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఆవిడ భర్త కూడా మీలాగే పన్ను తర్వాత పన్ను పీకించుకుని, ఆఖరిసారి ఈ మెట్లెక్కుతూ ప్రాణం వదిలేశాడు, దవడ పట్టుకుని ఎక్కేవాళ్ళు ఆ కుర్చీలోంచి బాగా కనబడతారని అప్పట్నుంచీ వచ్చి కూర్చునేది."