పట్టుకునే మనిషి

బల్ల కాళ్లను కదలకుండా పట్టి ఉంచే చట్రం ఒకటి తయారుచేయడానికి వడ్రంగి రెండు రోజులు మిగతా పనంతా ఆపేశాడు. మూడో రోజు పొద్దున్న భార్యను పెరటి షెడ్డులోకి పిలిచి, పిక్నిక్ బల్లకి ఒక పక్క కాళ్లు రెండూ అందులో ఏటవాలుగా పెట్టి, అడ్డచెక్క వేసి మరలు బిగించాడు. కాళ్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"చూశావా? ఇద్దరం కలిసి రోజుకి రెండు బల్లలు చేసేవాళ్లం. ఇక నేనొక్కణ్ణే నాలుగు చేస్తాను."

"మరి చెక్క రెండో కొస నేను పట్టుకోవద్దా?"

"పట్టుకునే మనిషితో పనే లేదు. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో."

మూడేళ్లుగా ఆ కొస పట్టుకుని నిలబడడమే ఆమె పని. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందనడానికి తప్ప నోరు విప్పని మనిషి, షెడ్డులో పని సాగుతున్నంతసేపూ కబుర్లు చెప్పేవాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన సంగతులతో ఆమెను నవ్వించి, "చెక్క కదుపుతున్నావ్" అని మళ్లీ ఆమెనే కసిరేవాడు.

"ఇప్పుడిదంతా ఎందుకండీ?" అంది మెల్లగా.

"ఎందుకేంటి? మొన్న మీ అక్కతో ఫోన్లో అంటుంటే విన్నాను. భుజాలు పడిపోతున్నాయి, ఈ చాకిరీ ఎప్పుడు తప్పుతుందో అన్నావు. అప్పట్నుంచీ నాకు చేతులాడలేదు."

అన్న మాట నిజమే. "రోజంతా మీ ఆయన పక్కనేనా, అదృష్టవంతురాలివే" అని అక్క ఆటపట్టిస్తే, అవునని ఒప్పుకోవడానికి సిగ్గేసి అలా అంది.

ఆ సంగతి ఇప్పుడు చెప్పడానికీ సిగ్గే అడ్డొచ్చింది. చట్రం చాలా బాగుందని మెచ్చుకుని, ఏ నొప్పీ లేని భుజాన్ని నొక్కుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది.