నడుస్తున్నది గోలీయా, పట్టీయా?

ఆ రోజుల్లో కాలికి ఆపరేషన్ అయిన ప్రతి కుక్కకీ, పిల్లికీ నడక పట్టీ కట్టడం మామూలైపోయింది. కాలికి చుడితే చాలు, పట్టీయే కాలిని ఎత్తి, ముందుకు వేయించి, నడక మళ్లీ నేర్పేది. రత్నమాణిక్యం ఇంట్లో కుక్క గోలీ కూడా వెనక కాలికి పట్టీతో వరండా అంతా తిరుగుతున్నాడు. అయినా ఆవిడకి ఒకటే గుబులు.

"నడుస్తున్నది వీడా, పట్టీయా? అది తీసేస్తే కూలబడిపోడూ?"

"నీకన్నీ భయాలే అమ్మా! నన్ను సైకిలెక్కనిచ్చావా ఎప్పుడైనా?" అని కూతురు హంసిని నవ్వింది. "ఇవాళ తీసెయ్యమన్నాడుగా డాక్టరు. నువ్వే తియ్యి, తెలిసిపోతుంది."

రత్నమాణిక్యం పట్టీ విప్పింది. గోలీ కదల్లేదు. ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది. అయినా ఏం చేస్తాడో చూడాలని కళ్లు తిప్పుకోలేదు.

గోలీ కింద పడున్న పట్టీని అటూ ఇటూ వాసన చూశాడు. తరవాత బాగున్న వెనక కాలు పైకెత్తి, బరువంతా ఆపరేషన్ కాలి మీద మోపి, పట్టీని తీరిగ్గా తడపడం మొదలెట్టాడు.

"ఛీ! అద్దె పట్టీరా వెధవా!" అని అరిచింది హంసిని.

"అరవకే, బెదిరిపోతాడు! పూర్తిగా పోసుకోనీ," అంది రత్నమాణిక్యం, నేల మీద ఆనించిన ఆ ఆపరేషన్ కాలినే చూస్తూ. "ఎంతసేపు నిలబడతాడో చూద్దాం."