ఆకుపచ్చ వైరు

"విప్పకురా! తప్పు నాదేనని నెల రోజులుగా మొత్తుకుంటున్నాను కదా, ఇంకేం చూస్తావు?" బాత్రూం గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు బావ.

"జరుగు బావా," అన్నాడు బావమరిది, చేతిలో స్క్రూడ్రైవరుతో. "మా అక్క ఆ కుళాయి పట్టుకునే ప్రాణం వదిలింది. ఎందుకు పోయిందో నేను చూడకపోతే ఇంకెవడు చూస్తాడు? సొంత బావమరిది ఎలక్ట్రీషియనయి ఉండగా, గీజరు మాత్రం నువ్వే బిగించావు. ఫోన్లో వీడియోలు చూసి పైపులూ నువ్వే, వైర్లూ నువ్వే! అంత మొనగాడివి, ఇప్పుడు చూపించడానికి భయమెందుకు?"

ముందు గదిలో అత్తగారు నాలుగేళ్ల మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని అంతా వింటోంది. ఆవిడ తన తీర్పు నిన్న ఫోన్లోనే చెప్పేసింది. లోపం గీజరులో ఉంటే పాప తండ్రి దగ్గరే ఉంటుంది. అల్లుడి చేతి పనిలో ఉంటే మాత్రం సాయంత్రం బస్సుకు పాపను తనతో తీసుకుపోతుంది, మళ్లీ అతని ముఖం చూడనివ్వదు. అతనే ఒప్పుకుంటున్నాడు కదమ్మా అని కొడుకు అంటే ఆవిడ వినలేదు. "పెళ్లాం పోయినవాడు దుఃఖంలో ఏదైనా అంటాడు. నువ్వు విప్పి చూసి చెప్పు" అంది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లికి ఆ మాత్రం న్యాయబుద్ధి మిగలడమే గొప్ప.

బావమరిది బావను పక్కకు నెట్టి లోపలికి వెళ్లాడు. గీజరు మూత విప్పాడు. పళ్లు నూరుతూనే మొదలుపెట్టాడు గానీ, చూసేకొద్దీ ఆ కోపం నీరుగారిపోయింది. పైపుల మరల మీద తెల్ల టేపు ఒద్దికగా చుట్టి ఉంది. ఎక్కడా చెమ్మ లేదు. వైర్లు ఉండాల్సిన మందంలోనే ఉన్నాయి. మనిషి ప్రాణానికి కాపలా కాసే ఆ ఆకుపచ్చ ఎర్త్ వైరును వాషరు వేసి మరీ గీజరు రేకుకు బిగించాడు బావ. లాగి చూస్తే కదల్లేదు.

"లోపల కాయిలు పగిలింది బావా. కరెంటు నీళ్లలోకి దిగిపోయింది. నీ పనిలో వంక పెట్టడానికేం లేదు." బావమరిది బావ వైపు తిరిగాడు. "నా దగ్గర ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు కూడా ఇంత శుభ్రంగా చేయరు. నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను!"

"అయితే అదే చెప్పెయ్ మీ అమ్మకి. కాయిలు పగిలిందని చెప్పు, చాలు. పద, పద." బావ ఆత్రంగా అతని భుజం పట్టుకుని బయటికి లాగబోయాడు.

పనివాడి బుద్ధి మరి, ఊరుకోదు. "ఉండు బావా. ఎర్త్ ఇంత గట్టిగా ఉంటే కరెంటు భూమిలోకి పోవాలి కదా? అక్క ఒంట్లోకి ఎందుకొచ్చింది?" అన్నాడు బావమరిది. ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా ఉంటే ఎంత బాగుండేది!

అతను మెట్ల కింద ఉన్న మెయిన్ బోర్డు దగ్గరికి నడిచాడు. బావ పరుగున వచ్చి దాని మూత మీద చెయ్యి వేశాడు.

"వద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను, అది మాత్రం విప్పకు."

"నీకేమన్నా పిచ్చా బావా?" ఆ చెయ్యి విడిపించి, మెయిన్ ఆపి, మూత తీశాడు.

ఇంట్లోని ఆకుపచ్చ వైర్లన్నీ ఒక చోట చేరి ఉన్నాయి. అక్కణ్నుంచి పెరట్లో గోతిలోని ఎర్త్ పైపుకు పోవాల్సిన లావు వైరు ఎక్కడికీ పోలేదు. దాని కొనను వెనక్కి మడిచి, నల్ల టేపు చుట్టి వదిలేశారు. విప్పేటప్పుడు గోటికి దొరికేలా టేపు చివర చిన్న తోక మడిచి ఉంది. అలా తోక మడిచేవాడు ఈ ఊళ్లో ఒక్కడే. ఈ ఇంటికి వైరింగు చేసిందీ వాడే.

బావమరిది మెట్ల పక్కన అలాగే కూలబడ్డాడు.

"గొయ్యి తవ్వాక వచ్చి కలుపుతానన్నాను... గొయ్యి తవ్వారు, పూడ్చారు. నేనే రాలేదు బావా. వేరే పనిలో పడి మర్చిపోయాను. అక్కని నేనే..."

బావ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "నెమ్మదిగా మాట్లాడు. గొయ్యి దాకా చూసుకోకుండా గీజరు పెట్టింది నేను కదా."

"నీకు తెలుసా ఇది?"

"మీ అక్క పోయిన రోజే చూశాను. ఎవరి కంటా పడకుండా కలిపేద్దామని మూడుసార్లు మూత తీశాను. వైరు ముట్టుకుంటే చాలు, మీ అక్కే కళ్ల ముందుకొచ్చేది, మళ్లీ మూసేశానురా." బావ కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి.

"అమ్మకి చెప్పేస్తాను. ఒట్టి కాయిలేనని బొంకడం నా వల్ల కాదు. పాపను నీ దగ్గరే ఉంచమంటాను."

"చెప్తే మళ్లీ నీ ముఖం చూస్తుందా ఆవిడ? ఒక బిడ్డ పోయింది, చాలదా?"

"మరి పాప?"

బావ వైరు కొన నుంచి టేపు లాగేసి గుప్పిట్లో నలిపి దాచుకున్నాడు.

పాపను చంకనెత్తుకుని అత్తగారు రానే వచ్చింది. పాప తండ్రిని చూసి నవ్వి చేతులు చాపింది. "ఏం తేలిందిరా? తప్పు ఎవరిది?" అని అత్తగారు కొడుకును నిలదీసింది.

"అమ్మా, అది..." అంటూ బావమరిది లేవబోయాడు.

"నాదే అత్తయ్యా," అన్నాడు బావ. "పాప బట్టలు మీరు రాకముందే సర్దేశాను."