పిల్లి లేని ఇల్లు

నిజాం కాలంలో పిల్లల పాటలు రాసిన కవి జీవిత చరిత్రను సుహాసిని రేపే నల్గొండలో అచ్చుకివ్వాలి. చివరగా ఒకసారి సరిచూసుకుందామని కేతేపల్లిలో ఉన్న కవిగారి కూతురు, తొంభై ఏళ్ల నర్సింగమ్మ దగ్గరికొచ్చింది.

"ఉట్టి మీది మీగడ తిన్న పిల్లిని గూడ కొట్టకుండ మీ నాయిన పాట కట్టిండు గదా అవ్వా! ఆయన జీవకారుణ్యం మీద నలభై పేజీలు రాసిన."

"మా ఇంట్ల పిల్లెక్కడిది బిడ్డా?"

సుహాసిని గతుక్కుమంది. "మరి మీగడ ఎవరు తిన్నరు?"

"నాయినే. అమ్మ నిలదీస్తే అప్పటికప్పుడు పిల్లి మీద పాట కట్టి పాడిండు."

"గారెలెత్తుకపోయిన కాకి?"

"గది గూడ నాయినే."

"బెల్లం కొరికిన ఎలుక?"

"ఎలుక నిజమే. గానీ అది కొరికింది గింతంత. మిగిలిందంత నాయినే."

సుహాసిని తల పట్టుకుంది. "గన్ని అబద్ధాలు మీ అమ్మ ఎట్ల నమ్మిందవ్వా?"

"నమ్మిందని ఎవరన్నరు?" అవ్వ బోసినోటితో నవ్వింది. "మాకు పాట పాతవడంగనే అమ్మనే ఉట్టి ఇంకో జానెడు కిందికి దించేది."